తలుపు పక్కన టిక్కు

హోసూరులో, బాగలూరు రోడ్డు మీదున్న ఒక ఫ్యాక్టరీలో పదకొండేళ్లు మెయింటెనెన్స్ పని చేశాను. కంప్యూటర్ చెప్పినట్టు ఉక్కును చెక్కే లేతు మెషీన్లు అక్కడివి. చెడిపోయినదాన్ని బాగుచేయడం నా పనిలో సగం. చెడిపోకముందే చూసుకోవడం మిగతా సగం. నూనె మట్టం చూడాలి. ఉక్కు కడ్డీని పళ్లతో పట్టుకుని గిరగిర తిప్పే చక్‌కు గ్రీజు పెట్టాలి. కోతను చల్లబరిచే కూలెంట్ నీళ్లు కుళ్లి కంపు కొట్టకుండా మార్చాలి. కరెంటు పెట్టె జాలీలో దుమ్ము దులపాలి. తలుపు తెరిచి ఉండగా చక్ తిరగడం లేదని పరీక్షించాలి. ఇలాంటివన్నీ వరసగా అచ్చువేసిన కాగితం నెలనెలా ఒక్కో మెషీనుకు ఒకటి వచ్చేది. ప్రతి అంశం పక్కన టిక్కు పెట్టి కింద సంతకం చేయాలి.

ఆ టిక్కుల్లో చాలావాటి వెనక ఏ పరీక్షా లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

ఎందుకు లేదంటే, మెషీను నా చేతికి ఇచ్చేవాళ్లు కాదు. నెలవారీ పనికి రెండు గంటలు ఆపమని అడిగితే సూపర్‌వైజర్ నవ్వేవాడు. "రెండు గంటలా? ఆడ లారీ నిల్చోని ఉండాదప్పా. ఆదివారం చూద్దాం." ఆదివారం కూడా మెషీన్లు నడిచేవి. నెలాఖరున కాగితం మాత్రం నిండి ఉండాలి, మా సరుకు కొనే పెద్ద కంపెనీ వాళ్లు తనిఖీకి వచ్చి చూసేది దాన్నే. మొదటి రెండేళ్లు కొట్లాడాను. ఆ తర్వాత టీ తాగుతూ టిక్కులు పెట్టడం అలవాటైంది.

నేను వేప్పనపల్లి వైపు పల్లెలో పుట్టినవాణ్ని. ఐటీఐ చదివేటప్పుడు కృష్ణగిరిలో బస్‌స్టాండుకు దగ్గరగా ఒక మేడ మీద ఆదివారాలు తర్కసభ జరిగేది. దేవుడు, కులం, జాతకం, ముహూర్తం, ఏదైనా సరే ఒకడు నిలబెట్టాలి, ఇంకొకడు పడగొట్టాలి. రుజువు అడగకుండా ఏ మాటనూ ఒప్పుకోకూడదని నేర్చుకున్నది అక్కడే. ఎదుటివాడి ప్రశ్నకు ప్రశ్నతో జవాబు చెప్పడం, వాడి మాటతోనే వాణ్ని కట్టేయడం కూడా అక్కడే వచ్చాయి. నాకు ఆ విద్య బాగా అబ్బింది. ఫ్యాక్టరీలో నన్ను 'సామి లేని సామి' అనేవాళ్లు. ఆ పేరు నాకు నచ్చేది.

ఏడో నంబరు మెషీను మీద ఒకామె పనిచేసేది. అంచెట్టి కొండల్లోని ఊరు. భర్త చనిపోయాక కూతుర్ని వెంటబెట్టుకుని హోసూరు వచ్చి, ఊడ్చే పనిలో చేరి, చూసి చూసి ఆపరేటర్ అయింది. ఫ్యాక్టరీ మొత్తంలో తన మెషీనును రోజూ నిజంగా చూసుకున్న మనిషి ఆమె ఒక్కతే. పొద్దున్నే నూనె పోసేది, చక్ పళ్లకు గ్రీజు పెట్టేది, కోతలో రాలిన ఉక్కు రజను మొత్తం లాగేసేది. శబ్దం కాస్త మారినా నా దగ్గరికి వచ్చేది. "అన్నా, ఈ పొద్దు దీని గొంతు బొంగురుపోయింది. వచ్చి చూడు." వెళ్లి చూస్తే ఏదో ఒక బేరింగు అరుగుతూ ఉండేది.

శుక్రవారం శుక్రవారం మెషీనుకు కుంకుమ బొట్టు కూడా పెట్టేది. నేను ఊరుకుంటానా?

"ఏమ్మా, బొట్టు పెట్టకపోతే కడ్డీ కోయదా అది?"

"నువ్వు నగుతావు గానీ, బొట్టు పెట్టేదానికి దగ్గరికి పోతాను గదా అన్నా. అప్పుడే నూనె యాడ కారతాండాదో కనపడతాది. నువ్వు నెలకొకసారన్నా పోతావా దగ్గరికి?"

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. తర్వాత చాలా రోజులు నేను ఆమె బొట్టు జోలికి పోలేదు.

ఒక ఏడాది వినాయక చవితి దాటాక ఆమె మెషీను తెర మీద బ్యాటరీ హెచ్చరిక మొదలైంది. అదేమిటో కొంచెం చెప్పాలి. మెషీను ఎలా నడవాలో, ఎక్కడ ఆగాలో, తలుపు తెరిస్తే ఏం చేయాలో చెప్పే వేలకొద్దీ అంకెలు దాని జ్ఞాపకంలో ఉంటాయి. కరెంటు లేనప్పుడు ఆ జ్ఞాపకాన్ని కాపాడేది బొటనవేలంత బ్యాటరీ. ఏడాదికొకసారి దాన్ని మార్చాలి, అదీ కరెంటు ఉన్నప్పుడే మార్చాలి. పెట్టె తలుపు లోపల ఆ మాట అతికించి ఉంటుంది. కరెంటు లేకుండా తీస్తే జ్ఞాపకం కొన్ని నిమిషాలు నిలుస్తుంది, ఆ తర్వాత తుడిచిపెట్టుకుపోతుంది.

ఆమె ఆ రోజే వచ్చి చెప్పింది. నేను సూపర్‌వైజర్‌కు చెప్పాను. "ఆయుధపూజకు అన్నీ ఆపుతాం గదప్పా, ఆ పొద్దు మార్చుకో" అన్నాడు. అడగాల్సింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం వారాల తరబడి పండగ దాకా ఆగాను.

మా వైపు ఫ్యాక్టరీల్లో ఆయుధపూజ అంటే అందరికీ తెలిసిందే. రెండు రోజుల ముందునుంచి డీజిల్ గుడ్డలతో తుడుపు. అరటి పిలకలు, మామిడాకులు, మెషీన్లకు విభూతి పట్టెలు, కాళ్ల దగ్గర నిమ్మకాయలు. గేటు దగ్గర పగలగొట్టడానికి బూడిద గుమ్మడికాయ. బొరుగులు, పుట్నాలు పొట్లాలు కట్టి పంచుతారు. పనిముట్లకు ఆ రోజు విశ్రాంతి, మర్నాడు పొద్దుటిదాకా ఏ మెషీనుకూ కరెంటు వేయకూడదు. నేను చేరుకునేసరికి ఏడో నంబరు మెయిన్ స్విచ్ దించేసి, దాని పిడికి బంతిపూల దండ కట్టేశారు.

"కరెంటు వేస్తే గానీ బ్యాటరీ మార్చకూడదు" అన్నాను.

"దండ తెగుతాదప్పా. ఓనరు చూస్తే నన్ను తంతాడు" అన్నాడు సూపర్‌వైజర్. "రెండు నిమిషాల పని గదా. అట్లనే మార్చెయ్."

రెండు నిమిషాల పనే. అంతకుముందు ఒకటి రెండు సార్లు అలా మార్చినవాణ్నే. మార్చకుండా వదిలేస్తే చచ్చిన బ్యాటరీతో రాత్రంతా కరెంటు లేకుండా ఉండాలి, అదీ ప్రమాదమే. పెట్టె తెరిచాను. పాత బ్యాటరీ ఊడదీసి చేతిలో పట్టుకున్నాను. కొత్తది జేబులో ఉంది.

సరిగ్గా అప్పుడే పూజారి, ఓనరు, మిగతా జనం ఆ వరసలోకి వచ్చారు. ఆమె పళ్లెంలో కర్పూరం పట్టుకుని ముందు నడుస్తోంది. ఒక ఫిట్టర్ నన్ను చూసి కేక వేశాడు.

"జరగప్పా, సామి లేని సామీ! అందరూ సామికి దండం పెడతాంటే ఆయన బ్యాటరీకి పెడతాండాడు చూడండి!"

నవ్వులు. నేను రెండడుగులు జరిగి, జేబులోది తీసి పెట్టేసి ఉండాల్సింది. వాళ్ల వైపు తిరిగి నిలబడ్డాను.

"బ్యాటరీ ఒక ఏడాదన్నా పనిచేస్తాది. మీ సామి ఎన్నేండ్లు పనిచేసినాడో చెప్పు."

"చెప్పేదేముంది? నీకు నోరిచ్చినాడు గదా, ఆ ఒక్కటి చాలదా?"

"అయితే పోలియో వచ్చినోనికి కాలెందుకియ్యలేదు?"

అక్కడినుంచి అది నా సభ అయిపోయింది. గుమ్మడికాయ పగలగొడితే బేరింగు అరగకుండా ఉంటుందా అని పూజారిని అడిగాను. ముసలాయన నిదానంగా జవాబు చెప్పాడు. "ఉండదు నాయనా. కానీ ఏడాదికొక దినమన్నా వీళ్లంతా దీన్ని తుడిచి దగ్గర నిలబడతారు గదా. దానికెందుకంత కోపం?" కోప్పడని మనిషి మీద నాకు మరింత కోపం వచ్చింది. నిమ్మకాయ దగ్గర మొదలుపెట్టి వాస్తు మీదుగా ఫ్యాక్టరీ గోడకు వేలాడే దిష్టిబొమ్మ దాకా వెళ్లాను. ఓనరు నవ్వుతూ వింటున్నాడు, ఆయనకు అది పండగ వినోదం. చుట్టూ యాభై మంది. కృష్ణగిరి మేడ మీద కూడా నాకు అంతమంది శ్రోతలు దొరకలేదు.

"అన్నా, కర్పూరం ఆరిపోతాండాది. తర్వాత కొట్లాడుకోండి" అని ఆమె రెండుసార్లు అంది.

వాళ్లు హారతి ఇచ్చి ముందుకు కదిలేసరికి అరగంట దాటి ఉంటుంది. నా అరచేతిలో పాత బ్యాటరీ చెమటకు తడిసి ఉంది. కొత్తది పెట్టి, పెట్టె మూసి, బొరుగుల పొట్లం తీసుకుని ఇంటికి పోయాను. గెలిచాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున స్విచ్ వేస్తే తెర నిండా ఎర్ర అక్షరాలు. జ్ఞాపకం మొత్తం పోయింది.

"పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉండాది గదా?" అన్నాడు సూపర్‌వైజర్. నెలనెలా కాపీ తీసినట్టు కాగితంలో ఉంది. టిక్కు నాదే. పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే ఎవరిదో పెళ్లి వీడియో ఉంది. మెషీను కొన్ననాడు ఇచ్చిన అంకెల పట్టిక జిరాక్సు పెట్టె అడుగున దొరికింది, నూనె పీల్చి చేప చర్మంలా మారిన కాగితాలు. రెండు రోజులు కూర్చుని ఒక్కో అంకె కొట్టాను. ఒక వరసలో నూనె మరక కింద ఉన్నది సున్నానో ఒకటో తెలియలేదు. సున్నా వేశాను. మెషీను ఏ అలారమూ ఇవ్వకుండా లేచింది. కడ్డీ పట్టుకుంది, కోసింది, కొలత సరిగ్గా వచ్చింది. నా వెనక సూపర్‌వైజర్ గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

తలుపు తెరిచి, చక్‌ను తిప్పే పచ్చ బటన్ నొక్కి చూడడం ఒక్కటి మిగిలింది. అర నిమిషం పని. నేను చూడలేదు. సాయంత్రం కాగితం నింపేటప్పుడు 'తలుపు రక్షణ' అన్న చోట టిక్కు పెట్టాను.

మూడు వారాలు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒకరోజు మొదటి షిఫ్టులో, టీకి ముందు, చక్‌కు ఉక్కు రజను చుట్టలు చుట్టుకుంది. ఆమె తలుపు తెరిచింది. కొక్కెంతో లాగితే రాలేదు, వంగి చేత్తో పట్టుకుంది. వంగినప్పుడు నడుము పచ్చ బటన్‌కు తగిలింది. తలుపు తెరిచి ఉంటే ఎన్నడూ కదలని చక్ కదిలింది. రజను కోసుకోకుండా ఫ్యాక్టరీ ఇచ్చిన చేతి తొడుగును అది పట్టుకుంది. నేను మూడో నంబరు దగ్గర ఉన్నాను. అరుపు విని పరుగెత్తేసరికి పక్క మెషీను మనిషి ఎర్ర బటన్ కొట్టేశాడు. కుడిచేతి నడిమి మూడు వేళ్లు పోయాయి.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. నన్ను చూసి మొదట అడిగింది ఇదే.

"తలుపు తీస్తే ఆగిపోయేది గదన్నా. ఇన్నేండ్లలో ఎప్పుడూ తిరగలేదే. ఈ పొద్దు యాల తిరిగింది?"

ఎందుకు తిరిగిందో చూస్తాను అన్నాను.

తిరిగి ఫ్యాక్టరీకి పోయి ఏడో నంబరు తలుపు తెరిచి, దూరంగా నిలబడి, చీపురు కర్రతో పచ్చ బటన్ నొక్కాను. చక్ తిరిగింది. నూనె మరక కింది అంకెను ఒకటిగా మార్చి మళ్లీ నొక్కాను. తిరగలేదు. మిగిలిన మెషీన్ల తలుపులు కూడా అప్పుడే తెరిచి చూశాను. ఇంకో రెండింటిలో చక్ తిరిగింది. వాటి కాగితాల్లోనూ నా టిక్కులున్నాయి.

రెండు రోజులకు సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచాడు. రిపోర్టు రాసి ఉంచాడు. ఆపరేటర్ పని త్వరగా కావాలని తలుపు మూసే ఉందని మెషీను అనుకునేలా దాని స్విచ్చికి అయస్కాంతం పెట్టి మోసం చేసిందని, అందువల్లే ప్రమాదం జరిగిందని అందులో ఉంది. అలా చేసేవాళ్లు లేకపోలేదు. ఆమె ఎన్నడూ చేయలేదు.

"ఇది అబద్ధం" అన్నాను.

"ఏది అబద్ధమప్పా? తలుపు బాగుండాదని నువ్వే టిక్కు వేసినావు. బాగుండే తలుపు మూడు వారాల్లో చెడిపోయిందంటే ఎవరు ముట్టినట్టు? ఆమెనే గదా." గొంతు తగ్గించాడు. "నీ పని గూడా కాపాడతాండాను. గమ్మునుండు."

తర్కం తప్పుపట్టడానికి వీల్లేకుండా ఉంది. నా టిక్కు నిజమైతే ఆమె దొంగ. ఆ రిపోర్టు అలాగే పోతే మూడు వేళ్లు లేని ఆమె, తప్పు చేసి పని పోగొట్టుకున్న మనిషిగా అంచెట్టి బస్సెక్కాలి. ఆమెను పనిలో ఉంచాలా తీసేయాలా అన్నది ఆ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంది.

ఆ రాత్రి నాలుగు పేజీలు రాశాను. కరెంటు లేకుండా బ్యాటరీ తీశాననీ, పూజ దగ్గర వాదనకు దిగి అరగంట దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాననీ, కాపీ తీయకుండా తీసినట్టు రాశాననీ, అంకె ఊహించి వేశాననీ, తలుపు చూడకుండా టిక్కు పెట్టాననీ రాశాను. నెలకు రెండు గంటలు ఎవరూ మెషీను ఆపనివ్వలేదని కూడా రాశాను. మొదటి వాక్యం మాత్రం, ఆపరేటర్ తప్పు ఏమీ లేదు, అని.

ఓనరు నా ముందే చదివాడు. నాలుగో పేజీ దాకా పోలేదు.

"అంటే, పూజ కాడ నువ్వు గలాటా చేసినందుకే ఆమె చెయ్యి పోయిందని నువ్వే రాసిచ్చినావు."

"అట్ల కాదు సార్. బ్యాటరీ అరగంట బయట ఉండింది. దానివల్ల..."

"బయట యాల ఉండింది?"

"నేను వాదిస్తా ఉండినాను."

"ఎవరితో?"

"పూజారితో."

"మరి అదే గదప్పా నేను చెప్తాండేది."

కారణానికీ శాపానికీ తేడా ఏమిటో నేను ఎన్ని సభల్లో చెప్పలేదు? ఆయన బల్ల ముందు నిలబడితే గొలుసులో ఒక్క లింకు కూడా తీసి పారేయలేకపోయాను. ఆయన చెప్పిన వరసా నేను రాసిన వరసా ఒకటే. చివరికి పెట్టిన పేరొక్కటే వేరు.

మధ్యాహ్నానికి ఆ మాట షెడ్డు మొత్తం పాకింది. "అమ్మవారిని ఎగతాళి చేసినానని వాడే ఒప్పుకున్నాడంట." ఫిట్టర్ నాతో మాట్లాడడం మానేశాడు. వారంలో ఏడో నంబరు ముందు ఇటుకలు పేర్చి శాంతి హోమం చేశారు. ఆ పొగ ఫ్యాన్ జాలీలో పట్టుకుంటుందని చెప్పడానికి వెళ్లి, సగం దారిలో ఆగి వెనక్కి వచ్చాను. పదకొండేళ్లు నేను చెప్పిన ఏ మాటనూ నమ్మనివాళ్లు, నా ఒప్పుకోలును మాత్రం అక్షరం పొల్లుపోకుండా నమ్మారు. వాళ్ల నమ్మకానికి నాకంటే మంచి సాక్షి దొరకలేదు.

నెలకు రెండు గంటల సంగతి ఎవరూ ఎత్తలేదు. అది ఓనరు చదివిన మూడో పేజీలోనే ఉంది.

ఓనరుకు నా కాగితం ఒక రకంగా పనికొచ్చింది. తప్పు ఫ్యాక్టరీది కాదు, ఆమెదీ కాదు, మెయింటెనెన్స్ మనిషిది. పాత రిపోర్టు చించి కొత్తది టైపు చేయించారు. ఆమెకు కొలతలు చూసే బల్ల దగ్గర పని ఇస్తామన్నారు. నన్ను నెలాఖరుకు వెళ్లిపొమ్మన్నారు. వెళ్లేలోగా తలుపు పరీక్ష నేర్చుకొమ్మని నా స్థానంలోకి వచ్చే మనిషిని రోజూ పిలిచాను. ఒకసారి వచ్చాడు.

కొత్త రిపోర్టు మీద ఆమె సంతకం కావాలి. ఎవరూ పోకపోతే నేనే తీసుకుపోయాను. రైలుగేటు అవతల వరస ఇళ్లలో ఒక గది. కూతురు బడికి పోయింది. ఆమె ఎడమచేత్తో బియ్యం చెరుగుతూ ఉంది. చాటలోంచి సగం గింజలు నేల మీద పడుతున్నాయి. కాగితం చదివి వినిపించాను. బ్యాటరీ ఏమిటో, అంకె ఏమిటో, ఆ తలుపు ఎందుకు మోసం చేసిందో అన్నీ చెప్పాను. ఆసుపత్రిలో ఆమె అడిగిన ప్రశ్నకు అది నా జవాబు.

అంతా విని చాట పక్కన పెట్టింది.

"తెలిసిందన్నా. నేను చదువుకోనిదాన్ని గానీ ఆ మెషీను నాకు తెల్సు." నేల మీది గింజలు ఎడమచేత్తో దగ్గరికి తీసింది. "అందరూ వచ్చి చెప్తాండారు, నువ్వు సామితో పెట్టుకుంటే ఇట్లయిందని. సరే, నువ్వు పెట్టుకున్నావు. నిన్ను వదిలేసి నా చెయ్యి యాల తీసుకుంది ఆ అమ్మవారు? నేను శుక్రవారం తప్పకుండా బొట్టు పెట్టినాను గదా."

అదే ప్రశ్నను నేను కృష్ణగిరిలో ఎన్నిసార్లు సంధించానో, ఎన్ని చప్పట్లు కొట్టించుకున్నానో లెక్కలేదు. ఆమె నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఆగింది. దేవత తీసుకోలేదమ్మా, నేను తీసుకున్నాను, అని చెప్పాను.

ఆమె కాగితం నేల మీద పరచి, నా పెన్ను ఎడమచేతిలోకి తీసుకుంది. మొదటి అక్షరం సగం గీసేసరికి కాగితం పక్కకు జరిగింది. కుడిచేతి కట్టుతో ఆపబోయి, నొప్పికి పళ్లు బిగబట్టింది.

"పట్టుకో అన్నా" అంది.

రెండు చేతులతో కాగితం అంచులు నొక్కి పట్టుకున్నాను. ఆమె తల వంచి, పలక మీద దిద్దినట్టు, తన పేరు రాసుకుంటూ పోయింది. చాలాసేపు పట్టింది.